దొర నడక: ఆఫ్రికా వేషాలలో తెల్లవాడు

సభకు నమస్కారం.

1826 ఫిబ్రవరిలో, నేటి నైజీరియా పశ్చిమ భాగాన ఉన్న పాత ఒయొ నగరంలో, యొరుబా ప్రజల రాజైన అలాఫిన్ తన దగ్గరికి వచ్చిన ఇద్దరు బ్రిటిష్ అతిథులకు ఒక ఆట చూపించాడు. వారిలో ఒకరు స్కాట్లండ్‌కు చెందిన నౌకాదళ అధికారి హ్యూ క్లాపర్టన్, రెండవవాడు ఆయన సేవకుడు రిచర్డ్ లాండర్. ఆటలో మూడు అంకాలున్నాయి. మొదటి అంకంలో ఒళ్ళంతా సంచులలో దూర్చుకున్న నటులు గంతులు వేశారు, పిల్లిమొగ్గలు వేశారు. రెండవ అంకంలో ఒక కొండచిలువను పట్టుకోవడం చూపించారు. మూడవ అంకంలో ఒక సంచి పైనుంచి కొద్దికొద్దిగా కిందికి జారింది. అందులోనుంచి తెల్లని మైనంతో పోతపోసినట్టున్న మనిషి ఒకడు బయటపడ్డాడు. బక్కచిక్కి, చలికి ముడుచుకుపోయినట్టున్న ఆ మనిషి ముక్కుపొడుం పీల్చినట్టు అభినయించి, రెండు చేతులూ రుద్దుకున్నాడు. తరువాత నడిచాడు. ఏనాడూ బూట్లు విప్పి నేలమీద కాలు పెట్టని సుకుమారమైన తెల్లవాడు మొదటిసారిగా గడ్డకట్టిన నేలమీద వట్టి పాదం మోపితే ఎట్లా నడుస్తాడో అట్లా నడిచాడని క్లాపర్టన్ తన దినచర్యలో రాసుకున్నాడు.

ఈ సంఘటనతో మొదలుపెట్టడానికి నాకు రెండు కారణాలున్నాయి. మొదటిది దాని తేదీ. బ్రిటన్ లాగోస్‌ను తన వలసగా కలుపుకున్నది 1861లో. ఆ ఆట జరిగింది దానికి ముప్పై అయిదేళ్ళ ముందు. అప్పటికి ఒయొలో పన్ను వసూలు చేసే తెల్ల అధికారి లేడు, తెల్ల న్యాయాధిపతి లేడు, చర్చి గంట లేదు. అయినా తెల్లవాడి వేషం సిద్ధంగా ఉంది. ఈ వేషాలన్నీ అణచివేతకు బదులుగా పుట్టిన ప్రతీకారాలేనని మనం సాధారణంగా అనుకుంటాం. అది కొంతవరకే నిజం. కోపం రాకముందే నవ్వు వచ్చింది. కొత్తవాడు ఊళ్ళోకి వస్తే అతన్ని తేరిపార చూసి, అతనిలోని వింతను పట్టుకుని ఆడి చూపే అలవాటు ఆ నటులకు ముందునుంచే ఉండబట్టి, తరువాతి కాలంలో ఆ కొత్తవాడే దొర అయి కూర్చున్నప్పుడు ఆ అలవాటు పదునెక్కింది.

రెండవ కారణం ఆ నటుడు ఎంచుకున్న విషయం. ఒంటికి తెల్లరంగు పూసుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. అతడు పట్టుకున్నది పాదాలను. బూట్లలో పెరిగిన పాదం మెత్తగా ఉంటుందనీ, ఆ బూట్లు విప్పేస్తే మనిషి దర్పం కూడా సగం ఊడిపోతుందనీ అతడు గ్రహించాడు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఈ పాదాల గురించే. ఆఫ్రికాలోని వేషగాళ్ళు తెల్లవాడి ముఖాన్ని చెక్కారు, నిజమే. కాని వారి ఎగతాళి ఎక్కువగా ఉన్నది నడకలో, కూర్చునే తీరులో, చేతుల కదలికలో. మ్యూజియంలలో మనకు మిగిలినవి ముఖాలు మాత్రమే.

ఇక్కడ మాటల గురించి ఒక మాట. 'మాస్కు' అంటే మన మనస్సులోకి వచ్చేది ముఖానికి తగిలించుకునే వస్తువు. పశ్చిమ ఆఫ్రికాలో గాని, మధ్య ఆఫ్రికాలో గాని ఆ వస్తువును ఒంటరిగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బట్ట, గడ్డి, ఈకలు, గజ్జెలు, మద్దెల, పాట, అడుగు, ఇవన్నీ కలిస్తేనే అక్కడ దానికొక పేరు. అదృష్టవశాత్తు మనకు 'వేషం' అనే మాట ఉంది. వేషం కట్టినవాడు రంగు పూసుకుని ఊరుకుంటే మనవాళ్ళు ఒప్పుకోరు. నడకా మాటా కూడా వేషంలో భాగమే. ఖాకీ చొక్కా తొడిగి, నెత్తిన టోపీ పెట్టి, కట్టె తుపాకి భుజాన వేసుకుని వచ్చే మన పిట్టల దొరను చూసినవారికి ఈ సంగతి నేను వివరించనక్కరలేదు. అతని దొరతనమంతా ఆ కోతలలోనూ ఆ నడకలోనూ ఉంటుంది, టోపీలో కాదు. పోలిక ఇంతవరకే, ఈ రెండు సంప్రదాయాలకూ చుట్టరికం ఉందని నేను అనడం లేదు. ఇకపై కొయ్య ముఖాన్ని మాత్రమే చెప్పవలసినప్పుడు 'ముఖతొడుగు' అంటాను, మొత్తాన్ని 'వేషం' అంటాను.

వలసపాలన కింద ఉన్న ప్రజలు తెల్లవాడిని ఎట్లా చూశారో చెప్పే బొమ్మలను పనిగట్టుకుని సేకరించిన పండితులలో జూలియస్ లిప్స్‌ను తప్పక తలచుకోవాలి. ఆయన జర్మనీలోని కొలోన్ నగరంలో మానవజాతి శాస్త్ర మ్యూజియానికి అధిపతి. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చాక ఆయన పదవి పోయింది. తెల్లజాతి ఔన్నత్యాన్ని రాజ్యసిద్ధాంతంగా పెట్టుకున్నవారికి, తెల్లవాడు నల్లవాడి కళ్ళకు నవ్వు పుట్టించేలా ఉన్నాడని చూపించే ఫొటోల కట్ట ఎంత ఇబ్బందికరంగా ఉంటుందో ఊహించవచ్చు. ఆయన ఆ ఫొటోలతో దేశం విడిచి, పారిస్ మీదుగా అమెరికా చేరి, 1937లో వాటిని పుస్తకంగా వెలువరించాడు. ఆయన ధైర్యం మీద పూర్తి గౌరవంతోనే ఒక లోటు చెబుతాను. ఆ ఫొటోలలోని బొమ్మలు నిలబడి ఉంటాయి. నిలబడి ఉన్న బొమ్మలో టోపీ కనబడుతుంది, ముక్కు కనబడుతుంది. ఆ మనిషి ఎట్లా నడిచాడో కనబడదు.

మళ్ళీ యొరుబా దేశానికి వద్దాం. అక్కడ ఎగుంగున్ అంటే పితృదేవతలు వేషరూపంలో ఊళ్ళోకి తిరిగి రావడం. లోపలి మనిషి చర్మం అంగుళం కూడా కనబడకుండా బట్ట కప్పుతారు. ఈ క్రతువులోనుంచి ఊరూరా తిరిగి ఆడే నటబృందాలు ఏర్పడ్డాయి. వారిని అలారింజొ అంటారు. ఆ మాటకు 'నడుస్తూ ఆడేవాడు' అని అర్థం. 1826లో అలాఫిన్ ముందు ఆడినవారిది ఈ సంప్రదాయమే. వారి వేషాల వరుసలో ఉత్తరాన ఉన్న నూపె జాతివాడు ఉంటాడు, పడమర నుంచి దండెత్తి వచ్చే దహొమె యోధుడు ఉంటాడు, హౌసా వర్తకుడు ఉంటాడు, తాగుబోతు ఉంటాడు, చివరికి ఒయింబో కూడా ఉంటాడు. ఒయింబో అంటే తెల్లవాడు. ఈ వరుస నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. తెల్లవాడికి ఆ రంగస్థలం మీద ప్రత్యేకమైన గద్దె లేదు. పొరుగు జాతులవాళ్ళ వెనక, ఊరి తాగుబోతు పక్కన, తన వంతు వచ్చేదాకా నిలబడాలి.

ఇరవయ్యవ శతాబ్దంలో పరిశోధకులు చూసి వర్ణించిన ఒయింబో వేషం ఇట్లా ఉంటుంది. ముఖతొడుగుకు పొడవైన సూది ముక్కు. తలకు కోతి బొచ్చుతో చేసిన నున్నని, జారిపడే జుట్టు. అతని వెంట భార్య. ఇద్దరూ ఎదురుపడినవారందరికీ చెయ్యి చాపి, ఊపి ఊపి వదులుతారు. ఇంగ్లీషులో కుశలం అడుగుతారు. తరువాత ఒకరినొకరు వాటేసుకుని, అందరి ఎదుట గిరగిరా తిరుగుతూ బాల్‌రూమ్ నాట్యం చేస్తారు, ముద్దు పెట్టుకుంటారు. చూసేవారు నవ్వు ఆపుకోలేరు.

ఈ నవ్వుకు మూలం ఎక్కడుందో దగ్గరగా చూద్దాం. యొరుబా మర్యాదలో చిన్నవాడు పెద్దవారి ఎదుట సాష్టాంగపడతాడు, స్త్రీ మోకాళ్ళ మీద వంగుతుంది. పలకరింపులోనే ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది తేలిపోతుంది. తెల్లవాడు వచ్చి ముసలివారికీ కుర్రవాడికీ ఒకే రకంగా చెయ్యి చాపితే, అది ఆ ఊరి కళ్ళకు సమానత్వంగా కనబడలేదు. ఎదుటి మనిషి ఎవరో పోల్చుకోలేని గుడ్డితనంగా కనబడింది. అట్లాగే ఆ దేశంలో నాట్యమంటే మద్దెలకు ఒళ్ళు సమాధానం చెప్పడం. మద్దెలను పట్టించుకోకుండా ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊగేవాళ్ళను నాట్యకారులని వారెట్లా ఒప్పుకుంటారు? ఆ వేషంలో తెల్లవాళ్ళ గురించి ఎంత ఉందో, మర్యాద అంటే ఏమిటి, నాట్యమంటే ఏమిటి అన్న యొరుబా అభిప్రాయం కూడా అంతే ఉంది. దొరను చూసి నవ్వుతున్న కుర్రవాడికి, పెద్దవాళ్ళ ముందు తానెట్లా నడుచుకోవాలో అదే క్షణంలో పాఠం అందుతోంది.

యొరుబాలలోనే గెలెడె అని మరో సంప్రదాయం ఉంది. నేటి నైజీరియా, బెనిన్, టోగో దేశాలలో అది సాగుతోంది. తల్లుల శక్తిని, ముఖ్యంగా వయసు మళ్ళిన స్త్రీల శక్తిని ప్రసన్నం చేసుకోవడానికి మగవారు వేషం కడతారు. ముఖతొడుగు తలపైన కూర్చుంటుంది. కింది భాగంలో ప్రశాంతమైన ముఖం, దానిమీద ఒక చిన్న దృశ్యం చెక్కి ఉంటుంది. ఆ పైభాగం శిల్పికి వార్తాపత్రిక వంటిది. పాములు, పక్షులు, కుట్టుమిషన్లు, ఎండకు పెట్టుకునే సోలా టోపీ దొరలు, మోటారుసైకిల్ ఎక్కినవాళ్ళు, అన్నీ అక్కడికెక్కాయి. పగటి ఆటకు ముందురోజు రాత్రి ఎఫె ఉంటుంది. ఆ మాటకు హాస్యమనే అర్థం. ఆ రాత్రి పాడేవాడు ఊళ్ళో ఎవరినైనా ఎండగట్టవచ్చు. గెలెడె చూసిన కన్ను చూడవలసినదాని చివరంచు చూసేసిందని యొరుబా సామెత. 2001లో యునెస్కో గెలెడెను మానవాళి మౌఖిక వారసత్వంగా ప్రకటించింది.

ఇప్పుడు తూర్పుకు, ఇగ్బోల దేశానికి వెళ్దాం. అక్కడి వేషాలలో ఒన్యె ఓచా అనేవాడొకడున్నాడు. ఒన్యె ఓచా అంటే అక్షరాలా 'తెల్ల మనిషి'. తెల్లని దుస్తులు, సోలా టోపీ, సన్నని ముక్కు, సన్నని పెదవులు. చేతిలో ఒక నోటుపుస్తకం. అతడు జనం మధ్య తిరుగుతూ ఏదో రాసుకుంటూ ఉంటాడు. యొరుబా ఒయింబో ఆయుధం చేయి చాపడమైతే, ఇగ్బో ఒన్యె ఓచా ఆయుధం పెన్సిలు.

ఈ తేడా ఊరికే రాలేదు. ఇగ్బోలకు చాలా ప్రాంతాలలో రాజులు లేరు. ఊరి పెద్దలు, వయోబృందాలు, ఆడపడుచుల సంఘాలు కలిసి ఊరి వ్యవహారాలు నడిపేవారు. బ్రిటిష్ ప్రభుత్వం ఊరికొకరిని పట్టుకుని చేతిలో ఒక పత్రం పెట్టి, వారెంట్ చీఫ్ అని పేరు పెట్టి కూర్చోబెట్టింది. అంటే అధికారం అక్కడ కాగితం రూపంలోనే దిగింది. 1929 నవంబరులో ఒలోకో అనే ఊళ్ళో జనాన్ని, పశువులను లెక్కరాయడానికి వచ్చిన మనిషితో న్వాన్యెరువా అనే వితంతువు గొడవపడింది. నీ తల్లిని లెక్కపెట్టారా అని అడిగింది. ఆడవారి మీద కూడా పన్ను పడబోతోందన్న అనుమానం ఊరూరా పాకింది. వేలమంది స్త్రీలు కదిలి, వారెంట్ చీఫుల ఇళ్ళ ముందు పాటలు పాడి, ఎగతాళి చేసి, కోర్టు భవనాల మీద పడ్డారు. తుపాకి కాల్పులలో యాభైమందికి పైగా స్త్రీలు చనిపోయారు. జమాబందీ లెక్కలు, జనాభా లెక్కలు ఎట్లాంటి పరిణామాలు తెస్తాయో తెలిసిన ప్రాంతంలో, నోటుపుస్తకం పట్టుకుని తిరిగే వేషం చూసి నవ్విన నవ్వులో ఎంత బరువుందో ఇప్పుడు ఊహించండి.

ఇగ్బోలలోనే, ఒవెర్రి ప్రాంతంలో ఎంబారి అనే కట్టడాలుండేవి. అవి వేషాలు కావు, మట్టిబొమ్మలతో నిండిన మందిరాలు. 'అలా' అనే భూదేవత కోసం, ఆమె కోరిందని ఊరు నమ్మినప్పుడు, ఎంపికైన స్త్రీపురుషులు లోకానికి దూరంగా నెలల తరబడి ఉండి, చెదపుట్టల మన్నుతో వాటిని కట్టేవారు. ఒకసారి తెరిచి చూపించాక మరమ్మతు చేయరు. వానకు తడిసి కూలిపోవలసిందే. ఆ బొమ్మల గుంపులో దేవత ఉంటుంది, పిడుగు దేవుడుంటాడు, పిల్లను కంటున్న తల్లి ఉంటుంది, అడవి జంతువులుంటాయి. నేలలోనుంచి సగం బయటికి వస్తున్న తెల్లదొర కూడా ఉంటాడు, నెత్తిన టోపీతో. పుట్టలోంచి పాము వచ్చినట్టు దొర వస్తున్నాడు.

దీని గురించి ఇగ్బో నవలాకారుడు చినువా అచెబే ఒక వ్యాసంలో చెప్పిన మాట నాకు ఈ విషయమంతటికీ తాళంచెవిలా పనికొచ్చింది. దేవత మందిరంలో జిల్లా అధికారి బొమ్మ పెట్టడం ఆయనను పొగడడానికి కాదని, ఊరి బతుకులోకి కొత్తగా ఏ శక్తి ప్రవేశించినా దాని ఉనికిని గుర్తించి, దానికొక చోటు చూపించడం ఆ సంప్రదాయపు పద్ధతి అని ఆయన వివరించాడు. గుర్తించకుండా వదిలేసిన శక్తే అపాయకరం. మశూచి వంటి భయంకర రోగానికి కూడా దేవుళ్ళ సరసన చోటిచ్చిన సమాజాలకు ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. మన ఊళ్ళ పొలిమేరలలో అమ్మవారికి పెట్టే నైవేద్యం తెలిసిన ఈ సభకు అసలే అనిపించదు.

ఇక మలావి, జాంబియా, మొజాంబిక్ దేశాలలో ఉన్న చేవా ప్రజల దగ్గరికి వస్తున్నాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన వేషం అక్కడే ఉంది కనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. చేవా మగవారికి న్యావు అనే రహస్య సంఘం ఉంది. దీక్ష తీసుకున్నవారే అందులో సభ్యులు. వారు ఆడే ఆట పేరు గులె వంకులు, అంటే 'మహానృత్యం'. అంత్యక్రియలలో, దీక్షలలో, నాయకుల పట్టాభిషేకాలలో అది జరుగుతుంది. వేషాలను శ్మశానం దాపున దంబ్వె అనే చాటుస్థలంలో సిద్ధం చేస్తారు. వేషం కట్టినవాడు ఆ సమయానికి మనిషి కాడు. వారిని జిలొంబో అంటారు, అడవి మృగాలని అర్థం. వేషం లోపల ఉన్నది తన అన్న అని తెలిసినా చెల్లెలు ఆ మాట పైకి అనదు.

ఈ గుంపులో సిమోని అనేవాడున్నాడు. సిమోను పేతురు, క్రైస్తవుల అపొస్తలుడు, అతని పేరే ఇది. ముఖతొడుగు ఎర్రగా ఉంటుంది. మనం తెల్లవాడు తెల్లవాడు అంటున్నాం. చేవా శిల్పి తన కళ్ళతో చూసి, ఎండకు కమిలిన ఇంగ్లీషువాడు ఎర్రగా ఉంటాడని తేల్చి, ఎర్రరంగు పూశాడు. పెద్ద ముక్కు, ఐరోపా పోలికలు. ఒంటిమీద కోటు ఉండవలసిన చోట చింకిపాతల కుప్ప. దొరలు ఎంతో శ్రద్ధగా ఇస్త్రీ చేయించుకునే సూటుకు పట్టిన గతి అది. మరియమ్మ పేరు మీద మలియా అనే వేషం ఉంది, యోసేపు పేరు మీద మరొకటి ఉంది. మరియమ్మను, యోసేపును, అపొస్తలుడిని శ్మశానం పక్క చాటుస్థలంలో తయారుచేసి, మృగాల గుంపుతో కలిపి ఊరి మధ్యకు తోలుకొచ్చారన్నమాట.

ఇందులోని పదును తెలియాలంటే మిషనరీలకు, న్యావుకు మధ్య జరిగిన పోరు తెలియాలి. పంతొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో అక్కడికి వచ్చిన కాథలిక్కు ఫాదరీలు గాని, డచ్ సంస్కరణ చర్చివారు గాని న్యావును అశ్లీలమని, సైతాను పని అని ఖండించారు. పిల్లలను బడికి రమ్మన్నారు. న్యావు అదే పిల్లలను దీక్షకు రమ్మంది. గొడవంతా ఇక్కడ. పిల్లవాడు ఎవరి చేతిలో పెరిగి పెద్దవాడవుతాడన్న ప్రశ్న మీద రెండు వ్యవస్థలు ఒకే ఊళ్ళో ఎదురెదురుగా నిలబడ్డాయి. ఫాదరీలు నిషేధం కోరారు. న్యావు పెద్దలు పిటిషన్లు రాయలేదు. చర్చిలోని పేర్లను ఎత్తుకొచ్చి వేషాలకు పెట్టారు. నిషేధాల మధ్య న్యావు బతికి బట్టకట్టడానికి క్రైస్తవంలోని కొన్ని అంశాలను తనలో కలుపుకోవడం ఒక కారణమని ఇప్పుడు యునెస్కో పత్రాలు సైతం చెబుతున్నాయి. మింగి అరిగించుకున్నారనడం ఇంకా సరైన మాట అని నా అభిప్రాయం.

ఈ కథలో ఒక చమత్కారమైన మలుపుంది. మలావిలోని మువా కాథలిక్ మిషన్‌లో 1976లో కుంగోని అనే కళాకేంద్రాన్ని స్థాపించినవాడు క్లోడ్ బూషే అనే కెనడా ఫాదరీ. న్యావును వెలివేసిన సంస్థలోనివాడే ఆయన. వందల సంఖ్యలో న్యావు ముఖతొడుగులు ఆ మిషన్ ఆవరణలోని మ్యూజియంలో గోడలకు వేలాడుతున్నాయి. ఎవరిని వెక్కిరించడానికి సిమోనిని చెక్కారో వారి ఇంట్లోనే సిమోనికి గౌరవ స్థానం దొరికింది. దీన్ని చర్చి పశ్చాత్తాపంగా చూడాలా, సిమోని విజయంగా చూడాలా అని నేను చాలాసార్లు ఆలోచించాను. గోడకు వేలాడుతున్న సిమోని గంతు వేయలేడు గనుక విజయమని అనలేకపోతున్నాను.

మొజాంబిక్ ఉత్తరాన మకొండె ప్రజల మపికో వేషాన్ని ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. తేలిక కొయ్యతో తొలిచి, నిజమైన వెంట్రుకలు అతికిన శిరస్త్రాణం వంటి ముఖతొడుగును నటుడు వాలుగా పెట్టుకుని, దాని నోటి సందులోంచి లోకాన్ని చూస్తాడు. పోర్చుగీసు పాలనలో పోర్చుగీసు అధికారులూ ఫాదరీలూ ఆ ముఖాలలోకి వచ్చారు. దొర నోట్లోంచి మకొండెవాడి కళ్ళు చూస్తుంటాయి.

ఇంతవరకు విన్నాక, సోలా టోపీ పెట్టిన ప్రతి కొయ్యబొమ్మా వెక్కిరింతేనని మీకు అనిపించవచ్చు. పారిస్ వేలంపాటల్లో అట్లాగే అమ్ముతుంటారు కూడా. ఐవరీ కోస్ట్‌లోని బౌలె ప్రజల బొమ్మలు ఈ పొరపాటును సరిచేస్తాయి. పుట్టకముందు పరలోకంలో ప్రతి మనిషికీ ఒక జీవిత భాగస్వామి ఉంటారని వారి నమ్మకం. ఆ భాగస్వామి అలిగితే ఇక్కడి సంసారం చెడుతుంది. అందుకని ఒక బొమ్మ చెక్కించి బుజ్జగిస్తారు. వలసపాలన వచ్చాక కొందరు స్త్రీలు తమ పరలోకపు భర్తకు టోపీ, ప్యాంటు, బూట్లు చెక్కించారు. ఆ బొమ్మ తెల్లవాడు కాడు. మంచి ఉద్యోగం, మంచి బట్టలు ఉన్న బౌలె పెనిమిటి. బొమ్మ ఒంటిమీది బట్ట కలగనేవారి కోరికనా, నవ్వేవాడి వెటకారమా అన్నది బొమ్మను చూసి చెప్పలేం. దాన్ని ఎవరు, ఎందుకు చెక్కించుకున్నారో తెలియాలి.

హౌకా విషయంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. నైజర్‌లో 1925 ప్రాంతంలో మొదలైన పూనకాల సంప్రదాయమిది. ముఖతొడుగులు లేవు. మనుషుల మీదికి దేవతలు పూనుతారు. ఆ దేవతలు గవర్నరు, సేనాధిపతి, కాపలా కార్పొరల్, రైలింజను డ్రైవరు, డాక్టరుగారి భార్య. వలస కూలీలుగా గోల్డ్ కోస్ట్ (నేటి ఘానా) లోని అక్రా నగరానికి వచ్చినవారు చేసిన ఒక క్రతువును 1954లో ఫ్రెంచి దర్శకుడు జాఁ రూష్ చిత్రీకరించాడు. గవర్నరు బొమ్మ నెత్తిన కోడిగుడ్డు పగలగొట్టడం అందులో ఉంది; సొన కారడమే గవర్నరు టోపీ మీద ఊగే ఈకల కుచ్చు. ఆ చిత్రాన్ని బ్రిటిష్ పాలకులు తమ గోల్డ్ కోస్ట్‌లో నిషేధించారు. పారిస్‌లో చూసిన ఆఫ్రికన్ విద్యార్థులూ అది తమ జాతికి అవమానమని ఆగ్రహించారు. అది దొరల మీద ఎగతాళి అని కొందరు పండితులన్నారు. దొరల శక్తిని తమ ఒంట్లోకి దించుకునే ప్రయత్నమని మరికొందరన్నారు. పూనకం వచ్చినవాడు ఎగతాళి చేయడు, అది మన ఊళ్ళలోనూ తెలిసిన సంగతే. గణాచారికి అమ్మవారు పూనితే ఆమె అమ్మవారిని అనుకరిస్తోందని ఎవరమూ అనం. అందుకే హౌకాను నేను వేషాల జాబితాలో చేర్చను.

మరి వేషంలో నవ్వు ఎవరిది, ఎవరి మీద అన్నది తేలాలంటే ఆట చూస్తున్నవారి వైపు చూడాలి. ఒయొ ఆటలో నేనింతవరకు చెప్పని భాగం ఒకటుంది. తెల్లవేషగాడు అడుగులేస్తుంటే చుట్టూ ఉన్న జనం మాటిమాటికీ క్లాపర్టన్ వైపు తిరిగి, చూడు, సరిగ్గా చూడు, ఎంత బాగా చేస్తున్నాడో అని బతిమాలారు. అసలు మనిషి ఎదురుగా ఉండగా నకలు ఎంత కచ్చితంగా ఉందో తేల్చమని ఆ అసలు మనిషినే అడిగారు. ఆయన తానూ వాళ్ళంత సంతోషించినట్టే నటించాడు. నటుడు ఆ పాత్రను మెచ్చుకోదగినంత బాగా పండించాడని నిజాయితీగా రాసుకున్నాడు కూడా. అంటే ఆ రోజు అక్కడ ఇద్దరు నటులున్నారు. క్లాపర్టన్ మరుసటి ఏడాది, 1827లో, సొకొటోలో జబ్బుపడి చనిపోయాడు. ఆ తెల్లవేషగాడి పేరు ఎవరూ రాసిపెట్టలేదు.

చేవాల దగ్గరికి మళ్ళీ ఒక్కసారి వెళ్ళి ముగిస్తాను. మలావి, జాంబియా 1964లోనే స్వతంత్రమయ్యాయి. దొరలు వెళ్ళిపోయారు. సిమోని వెళ్ళలేదు. జాంబియాలోని కటెటె జిల్లాలో ఏటా ఆగస్టులో జరిగే కులంబా ఉత్సవానికి మూడు దేశాల చేవాలూ తమ రాజు ఎదుటికి వస్తారు. 'కలొంగా గావా ఉండి' అన్నది ఆ రాజు బిరుదు. వెదురు, గడ్డితో చేసిన జంతువుల సరసన బానిస వర్తకుల వేషాలు వస్తాయి. ఇప్పుడు హోండా వేషం ఉంది, హెలికాప్టర్ వేషం ఉంది. కొత్తది ఏది ఊళ్ళోకి వచ్చినా దంబ్వెలో దానికొక ఒళ్ళు తయారవుతూనే ఉంది. ఎర్రముఖపు సిమోని చింకిపాతలు ఎగరేసుకుంటూ ఆ గుంపులోనే గంతులేస్తాడు. అతన్ని చూసి నవ్వే కుర్రవాళ్ళలో చాలామంది అసలు దొరను ఎన్నడూ చూసి ఉండరు. వారు నవ్వుతున్నది ఆ అడుగులకు.